మా తాతయ్య లెక్కలో తాచులు రెండే

మా చిన్నప్పుడు తాచుపాములు రెండే రకాలు. ఒకటి గోధుమ తాచు, ఇంకోటి నల్ల తాచు. ఇది మా తాతయ్య లెక్క, ఆయన లెక్కంటే ఇంట్లో ఇంక తిరుగులేదు. గోధుమదానికి కాస్త ఓపిక ఉంటుందట, నల్లదానికి ముక్కు మీద కోపమట, అందుకని నల్లది కనిపిస్తే దాని దారిన దాన్ని పోనిచ్చి మనం వెనక్కి అడుగేయాలట. మరి గోధుమదైతే అని అడిగితే "గోధుమదైనా అంతేలే బుజ్జీ" అనేవాడు. మరి తేడా ఏంటి తాతయ్యా అంటే సమాధానం ఉండేది కాదు, చుట్ట వెతుక్కుంటూ లేచిపోయేవాడు.

నాకు పాములంటే భయం లేదని చెప్తే అబద్ధమే. భయం ఉండేది, కానీ కళ్ళు అటే పోయేవి. కుబుసం ఎక్కడ దొరికినా తెచ్చి పుస్తకాల మధ్య దాచేదాన్ని. కంటి మీద పొర కూడా ఊడి వస్తుంది తెలుసా, కుబుసం తల భాగం చూస్తే రెండు చిన్న గుండ్రటి అద్దాల్లా ఉంటాయి, పాములకి కనురెప్పలుండవు కదా, ఆ పారదర్శకమైన పొలుసే కంటికి కాపలా. అది నాకు అప్పట్లో ప్రపంచంలో అన్నిటికన్నా గొప్ప విషయం. నాయనమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. "ఆడపిల్లవి, నీకీ పురుగుల గోలేంటే" అని పుస్తకం దులిపి పొయ్యిలో పడేసేది. ఆవిడ నోట పాము అనే మాట ఎప్పుడూ రాలేదు, పురుగు అనే అనేది.

మొదటిసారి తాచుని దగ్గర్నుంచి చూసింది 1980లో, నాకప్పుడు 8 ఏళ్ళు. సాయంత్రం, ఇంకా చీకటి పడలేదు, పెరటి గుమ్మం పక్కన పేర్చిన కట్టెల సందులోకి బంతి దొర్లిపోతే తీసుకుందామని వంగాను, బుస్సుమని సౌండ్. ఎక్కడో కాదు, నా మొహానికి రెండు మూడు అడుగుల దూరంలో. ఒంట్లో మూడో వంతు పైకి లేపి పడగ విప్పి నిలబడింది. వెనకనుంచి తాతయ్య గొంతు, గట్టిగా కూడా కాదు, "కదలకు" అని ఒక్క మాట. కదల్లేదు. కదలకూడదని కాదు, కదిలే ఓపిక లేక. ఎంతసేపో తెలీదు, నా లెక్కలో గంట, తాతయ్య లెక్కలో అరనిమిషం, అది మెల్లిగా పడగ ముడుచుకుని కిందకి దిగి కట్టెల వెనక్కి పోయింది. కదిలేదాన్నే అది బాగా పట్టుకుంటుంది అని తాతయ్యకి ఎవరు చెప్పారో, ఆ మాట మాత్రం నిజం.

మర్నాడు స్కూల్లో కథలు కథలుగా చెప్పాను. పడగ మీద కళ్ళజోడు గుర్తు తళతళా మెరిసింది అని కూడా చెప్పాను, బొమ్మ గీసి చూపించాను. చాలా ఏళ్ళు నేనే దాన్ని నమ్మాను, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ కళ్ళజోడే కనిపిస్తుంది. అసలు సంగతేంటంటే ఆ గుర్తు ఉండేది పడగ వెనకవైపు. నాకు ఎదురుగా నిలబడిన పాము వెనకవైపు నాకెలా కనిపిస్తుంది? ముందు నుంచి చూస్తే కనిపించేది రెండు నల్ల చుక్కలు, వాటి కింద అడ్డంగా వెడల్పాటి నల్ల పట్టీలు. నేను చూసింది అవే అయ్యుండాలి. నాయనమ్మ కృష్ణుడి పాదాలు అని చెప్పిన గుర్తు ఒకటి బుర్రలో ఉంది కాబట్టి బుర్ర దాన్ని తెచ్చి అక్కడ అతికించేసింది. జ్ఞాపకం మీద నాకు అనుమానం మొదలైంది ఈ పాము దగ్గరే.

పడగ అంటే ఏదో అదనపు అవయవం అనుకునేవాళ్ళం. కాదు, మెడ దగ్గర పక్కటెముకలు మిగతావాటి కన్నా పొడుగ్గా ఉంటాయి, బెదిరినప్పుడు వాటిని గొడుగు ఊచల్లాగా బయటికి చాపుతుంది, చర్మం సాగి పడగవుతుంది. పొలుసుల మధ్య చర్మం బయటపడుతుంది కాబట్టి గుర్తు ఇంకా పెద్దగా అవుతుంది. బెదరనప్పుడు చూస్తే మామూలు పాములాగే ఉంటుంది, అక్కడే వస్తుంది తంటా అంతా.

ఆ తంటా మా పెరట్లోనే జరిగింది. ఇంకో ఏడాది తర్వాత అనుకుంటా, పక్కింటి వాళ్ళు, మావాళ్ళు కలిసి ఒక "నల్ల తాచు"ని కొట్టి చంపారు. పడుకోబెడితే తాతయ్య కన్నా పొడుగుంది. నేను దగ్గరికి పోయి కూర్చుని చూశాను, పెదాల మీద పొలుసు పొలుసుకీ మధ్య సన్నటి నల్ల గీతలు, పెద్ద పెద్ద కళ్ళు, మెడ సన్నం, గొంతు కింద లేత పసుపు. పడగ గుర్తు ఏదీ అంటే చచ్చాక కనపడదులే అన్నారు ఎవరో. చచ్చాక కూడా కనపడుతుంది. అది జెర్రిపోతు. మన తాచు మామూలుగా మూడు అడుగుల నుంచి ఐదు అడుగుల దాకా ఉంటుంది, అంతకన్నా పెద్దవి ఉండవని కాదు గానీ అరుదు. పొడుగ్గా సన్నగా, పగటిపూట, గోడలెక్కుతూ ఉరుకులు పరుగులు పెట్టేది చాలావరకు జెర్రిపోతే, విషం లేదు, ఎలకల్ని తిని బతుకుతుంది. కళ్ళజోడు లేని పాముకి కళ్ళజోడు ఉందనుకుని చంపేశాం.

జెర్రిపోతు మగదట, తాచు ఆడదట, రెండూ జత కడతాయట, ఇది కూడా అప్పటి మాటే. మెలికలు తిరిగి నిలబడి ఆడుతుంటే మేం కూడా దూరం నుంచి చూశాం ఒకసారి, పెద్దవాళ్ళు మా కళ్ళు మూసే ప్రయత్నం కూడా చేశారు. అది జత కట్టడం కాదు, రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ఎవరు ఎవర్ని కిందకి వంచగలరు అని. తాచుకీ జెర్రిపోతుకీ ఉన్న సంబంధమల్లా ఒకటే, దొరికితే తాచు దాన్ని తింటుంది.

హైస్కూల్లోకి వచ్చాక లైబ్రరీలో ఒక ఇంగ్లిష్ ఎన్‌సైక్లోపీడియా దొరికింది, పాత ఎడిషన్, అట్ట ఊడిపోయి ఉండేది. అందులో తాచు పేరు నాజా నాజా అని ఉంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ నమోదు చేసిన పాముల్లో ఇదొకటి, ఆ నాజా అనేది మన నాగ శబ్దమే లాటిన్ చొక్కా తొడుక్కుని వచ్చింది. కోబ్రా అనేది మాత్రం పోర్చుగీసు మాట, వాళ్ళ భాషలో కోబ్రా అంటే ఉత్త పాము, "కోబ్రా దే కపేలో" అంటే టోపీ ఉన్న పాము అని, జనం టోపీ వదిలేసి పాము పట్టుకున్నారు. ఇదంతా తాతయ్యకి చెప్తే పోర్చుగీసు సంగతి బాగా నచ్చింది ఆయనకి, వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, కొంచెం మార్చి, పోర్చుగీసు వాళ్ళు మన తాచుని చూసి టోపీ తీశారు అని.

ఆ పుస్తకం ప్రకారం ఆసియా మొత్తానికీ తాచు ఒక్కటే జాతి. పాకిస్తాన్ నుంచి ఫిలిప్పీన్స్ దాకా, అన్నీ నాజా నాజాయే, వాటిలో ఉపజాతులు ఉన్నాయి, అంతే. అంటే తాతయ్య లెక్క రెండు, సైన్సు లెక్క ఒకటి. ఆ ముక్క చెప్పినందుకు రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు ఆయన. కానీ రంగు విషయంలో పుస్తకమే కరెక్టు, ఒకే జాతిలో గోధుమరంగు, బూడిదరంగు, పసుపు, దాదాపు నలుపు కూడా ఉంటాయి, కోపానికీ రంగుకీ సంబంధం లేదు.

1985లో స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో మద్రాసు గిండీ స్నేక్ పార్కుకి తీసుకెళ్ళారు. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ పెట్టిన పార్కు అది. అందరూ మొసళ్ళ దగ్గర గోల చేస్తుంటే నేను అద్దం ముందు అతుక్కుపోయాను. లోపల రాచనాగు. అంత పెద్ద పాము అంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూళ్ళేదు. పడగ మన తాచుదంత వెడల్పు కాదు, సన్నగా పొడుగ్గా ఉంది, కళ్ళజోడూ లేదు ఏమీ లేదు, అది తల తిప్పి నావైపు చూసింది, నిజంగానే చూసింది, మామూలు పాముల్లా ఎటో కాదు. టీచర్ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళేదాకా అక్కడే ఉన్నాను, బస్సులో అందరి చేత తిట్లు తిన్నాను.

ఇంటికొచ్చి తాతయ్యకి చెప్పాను, తాచుల్లో రాజుని చూశాను, 18 అడుగుల దాకా పెరుగుతుందట, విషమున్న పాముల్లో ప్రపంచంలోనే పొడుగట అని. ఆయన తాపీగా "అది తాచెందుకవుతుందే బుజ్జీ, అది గిరినాగు. తాచుల్ని తింటుంది" అన్నాడు. కొండల వైపు ఎప్పుడో కొన్నాళ్ళు పని చేశాడట, అక్కడ విన్నాడట. నేను నవ్వాను. తర్వాత చూస్తే ఆయనదే రైటు. రాచనాగు నాజాలకి దూరపు చుట్టమే గానీ ఆ ప్రజాతిలోది, అంటే ఆ జాతుల గుంపులోది, కాదు, దాని శాస్త్రీయ నామం ఓఫియోఫేగస్, అంటే పాముల్ని తినేది అనే అర్థం. 1836లో కాంటర్ అనే ఆయన దాన్ని వర్ణించాడు. జెర్రిపోతులు, తాచులు, ఒక్కోసారి తన జాతివాటినే కూడా తినేస్తుంది.

రాచనాగు గురించి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది దాని పొడుగు కాదు, గూడు. పాముల్లో గూడు కట్టేది అదొక్కటే అని చెప్పొచ్చు. ఆడపాము ఒంటితోనే ఎండుటాకుల్ని లాగి లాగి కుప్ప పోస్తుంది, చేతుల్లేవు కాళ్ళు లేవు, ఒంటి మెలికలతోనే, ఆ కుప్పలో 20, 30, ఒక్కోసారి ఇంకా ఎక్కువ గుడ్లు పెట్టి పైన కాపలా ఉంటుంది. ఆకులు కుళ్ళే వేడికి గుడ్లు పొదుగుతాయి, ఎంత వానొచ్చినా లోపల తడి అంటదు. పిల్లలు బయటికొచ్చే ముందు తల్లి వెళ్ళిపోతుంది. ఎందుకంటే పాముల్ని తినే పాము కదా, ఆకలి మీద ఉంది కదా. దాని బుస కూడా బుసలా ఉండదు, కుక్క గుర్రుమన్నట్టు లోపల్నుంచి వస్తుంది.

కాటు గురించి చెప్పకుండా పోతే ఇది మొత్తం ముచ్చట్లే అయిపోతుంది. 1988లో మా పెదనాన్నని తాచు కరిచింది. రాత్రి టార్చి లేకుండా నడిచాడు, కాలు దాని మీద పడింది. నొప్పి, వాపు, ఎవరో గట్టిగా తాడు కట్టారు, అదీ తప్పే, కట్టకూడదు, కాలు కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి అంతే. అరగంటకి కనురెప్పలు బరువెక్కాయి. తర్వాత మాట ముద్దైంది. తర్వాత మింగలేకపోయాడు. అదృష్టం ఏంటంటే ఆసుపత్రి దగ్గర్లో ఉంది, మందు ఉంది, గొట్టం వేసి గాలి ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది.

తేరుకున్నాక ఆయన చెప్పిన మాట నేను ఎన్నిసార్లు తల్చుకున్నానో. "కళ్ళు తెరవలేకపోయాను, వేలు కదపలేకపోయాను, కానీ అన్నీ వినపడ్డాయే. మీ పెద్దమ్మ ఎవరెవరికి టెలిగ్రాం ఇవ్వాలో లిస్టు చెప్తోంది, మా తోడల్లుడి పేరు మర్చిపోయింది, చెబుదామంటే నోరు లేదు." అందరూ నవ్వారు, పెద్దమ్మ తప్ప.

ఆ విషం చేసే పని అదే. నరం చివర్లోంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వచ్చి కండరం మీద ఉన్న సీట్లో కూర్చుంటే కండరం కదులుతుంది. తాచు విషంలోని చిన్న ప్రొటీన్లు ముందే పోయి ఆ సీట్లలో కర్చీఫ్ వేసి కూర్చుంటాయి. బుర్ర పనిచేస్తూనే ఉంటుంది, ఆర్డర్లు పంపుతూనే ఉంటుంది, కండరానికి అందవు. రెప్పలతో మొదలై ఊపిరి దగ్గరికి వస్తుంది. దీనికి తోడు కరిచిన చోట కండ కుళ్ళడం ఒకటి, పెదనాన్న పాదం మీద ఆ మచ్చ చివరిదాకా ఉంది. విరుగుడు తయారుచేసే దారి కనిపెట్టింది కూడా తాచు విషం మీదే, సైగాన్‌లో పనిచేసిన ఆల్బెర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచ్ డాక్టరు 1890ల్లో. మన దేశంలో ఇచ్చే మందు నాలుగు పాములకి కలిపి ఒకటే, తాచు, కట్లపాము, రక్తపింజర, ఇంకా చిన్నగా ఇసకలో చుట్టుకుని ఒళ్ళు రాస్తూ గరగరమనే పింజర. గుర్రాలకి కొంచెం కొంచెం విషం ఎక్కించి వాటి రక్తంలోంచి తీస్తారు.

ఆ విషం ఎక్కడ్నుంచి వస్తుందో చూడాలని 90ల చివర్లో పనిగట్టుకుని వెళ్ళాను, మద్రాసు దాటాక వడనెమ్మేలి, పాములు పట్టే ఇరుళ తెగ వాళ్ళ సొసైటీ. 1978లో పెట్టారు. పాముతోళ్ళ వ్యాపారం మీద బతికిన వాళ్ళు, దానిమీద నిషేధం వచ్చాక విషం తీసి అమ్మే సొసైటీ పెట్టుకున్నారు. వరసగా మట్టికుండలు, మూతికి గుడ్డ కట్టి ఉంది, ఒక్కో కుండలో పాము. ఇరుళ ఆయన ఒకాయన కుండలో చెయ్యి పెట్టి తాచుని తీసిన తీరు, పిల్లాణ్ణి ఉయ్యాల్లోంచి తీసినట్టు తీశాడు, గాజు పాత్ర మీద కట్టిన పొర మీద దాని నోరు ఆనించాడు, పసుపు రంగు చుక్కలు కిందకి జారాయి. ఇంతేనా అనిపించింది. పెదనాన్నని రెండ్రోజులు పడుకోబెట్టింది ఇంతేనా. వారానికి ఒకసారి చొప్పున నాలుగు సార్లు తీసి, కడుపు మీద పొలుసు ఒకటి కత్తిరించి గుర్తు పెట్టి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. గుర్తున్న పాము మళ్ళీ దొరికితే పట్టుకోరు.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు సుమారు 12 లక్షలు అని ఒక పెద్ద సర్వే అంచనా, ఏడాదికి 58,000. ఎక్కువమంది ఇంటి దగ్గరే పోయినవాళ్ళు, ఆసుపత్రి దాకా రానివాళ్ళు. మా పెదనాన్న కథ నవ్వుకుంటూ చెప్పగలుగుతున్నామంటే దూరం కలిసొచ్చింది అంతే.

సరే, లెక్క దగ్గరికొస్తా. 90ల్లో శాస్త్రవేత్తలు ఆసియా తాచుల్ని మళ్ళీ ముందేసుకుని కూర్చున్నారు. పొలుసులు లెక్కపెట్టి, డీఎన్‌ఏ చూసి, ఇది ఒకటి కాదు బాబోయ్ పది దాకా ఉన్నాయి అన్నారు. నేను హైస్కూల్లో బట్టీ పట్టినదంతా పోయింది. మన దేశంలోనే నాలుగు తేలాయి. కళ్ళజోడు తాచు మనకి తెలిసిందే. తూర్పున బెంగాల్, అస్సాం నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం దాకా ఉండేది ఇంకోటి, పడగ వెనక ఒకే ఒక్క సున్నా, వరి పొలాలు, చిత్తడి నేలలు దాని చోటు. మన నాలుగు పాముల మందు దీని కాటుకి అంత బాగా పనిచేయదు, ఇది సరదా విషయం కాదు, పేరు వేరు పెట్టడం వల్ల పుస్తకాల్లో గొడవే కాదు, ఆసుపత్రిలో కూడా తేడా ఉంటుందని అప్పుడు తెలిసింది. మూడోది ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ మీదుగా కాశ్మీర్, హిమాచల్ వైపు వచ్చేది, రాళ్ళ కొండల్లో ఉంటుంది, పెద్దదయ్యాక పడగ మీద ఏ గుర్తూ ఉండదు, చలికాలమంతా బొరియల్లో నిద్రపోతుంది. నాలుగోది అండమాన్‌లో తప్ప ఎక్కడా లేదు.

ఆఫ్రికా సంగతి ఇంటర్నెట్ వచ్చాకే నాకు బాగా తెలిసింది. రాత్రుళ్ళు డయల్ అప్ కనెక్షన్‌లో ఒక ఫోటో పై నుంచి కిందకి గీత గీతగా దిగేది, ముందు పడగ, తర్వాత మెడ, సగంలో లైన్ కట్టయ్యేది. అలా సగం సగం చూసిన తాచులెన్నో. ఎడారి అంచుల్లో, పొలాల్లో ఉండే ఈజిప్టు తాచు, ఫారోల కిరీటం మీద పడగెత్తి ఉండేది అదే. దక్షిణాఫ్రికాలో పసుపు పచ్చటి కేప్ తాచు, చెట్ల మీద గుంపుగా కట్టుకున్న పిచ్చుకల పెద్ద గూళ్ళలోకి దూరి ఒక్కో అరా వెతుకుతూ పిల్లల్ని మింగుతుంది, ఆ ఫోటో మొత్తం దిగాక ఎందుకు దిగిందా అనుకున్నాను. టాంగన్యీకా సరస్సులో నీటి తాచు, చాలావరకు చేపల మీదే బతుకుతుంది, నీళ్ళలో మునిగి రాళ్ళ సందుల్లో వేటాడుతుంది. తాచు అంటే పుట్ట, కట్టెల కుప్ప అనుకున్న నాకు తాచు ఈత కొట్టి చేపలు పట్టడం ఏంటో మింగుడు పడలేదు చాలా రోజులు. అన్నట్టు పుట్ట కూడా దానిది కాదు, చెదపురుగులు కట్టింది, తాచు అద్దె కట్టని కాపరం.

ఉమ్మే తాచుల గురించి ఒక్కటి చెప్పాలి. ఉమ్మడం అంటే లాలాజలం కాదు, విషమే, కోర ముందువైపు ఉన్న చిన్న రంధ్రంలోంచి కండరాల ఒత్తిడితో పిచికారీలా కొడుతుంది, రెండు మీటర్లు ఈజీగా పోతుంది. మొహం ఎటు కదిలితే అటు తల ఊపుతూ కొడుతుంది కాబట్టి కంట్లో పడకుండా తప్పించుకోవడం కష్టం. పడితే నిప్పులే, వెంటనే నీళ్ళతో కడుక్కుంటూ ఉండాలి, లేకపోతే చూపు పోవచ్చు. 2021లో వచ్చిన పరిశోధన ఏం చెప్పిందంటే, ఈ విద్య ఒకసారి కాదు మూడుసార్లు విడివిడిగా పుట్టింది, ఆఫ్రికా తాచుల్లో ఒకసారి, ఆసియా తాచుల్లో ఒకసారి, రింకాల్స్ అనే దూరపు బంధువులో ఒకసారి, మూడిట్లోనూ నొప్పి పెంచే అదే రకం ప్రొటీను ఎక్కువైంది. తినడానికి కాదు, కేవలం నన్నొదిలేయ్ అని చెప్పడానికి. మన కళ్ళజోడు తాచు ఉమ్మదు, నా ఎనిమిదేళ్ళ మొహం అంత దగ్గర్లో ఉండగా ఉమ్మేదైతే ఇదంతా రాసేదాన్ని కాదేమో. ఉమ్మేవాటిలో అన్నిటికన్నా పెద్దదానికి, కెన్యా వైపు ఉండేదానికి, సొంత పేరు వచ్చింది 2007లోనే, అప్పటిదాకా నల్లమెడ తాచుల్లో ఒక రంగు అనుకున్నారు. తాతయ్య టైపు పొరపాటే, తిరగేసి.

రింకాల్స్ నా ఫేవరెట్. మిగతా తాచులు గుడ్లు పెడితే అది పిల్లల్ని కంటుంది. పడగెత్తుతుంది, ఉమ్ముతుంది, రెండూ పనిచేయకపోతే వెల్లకిలా పడి నోరు తెరిచి నాలుక వేలాడేసి చచ్చినట్టు నటిస్తుంది, నేను చచ్చాను కదా సరిగ్గా చూడు అన్నట్టు. మా బాబాయి ఒకాయన పని చెప్పగానే జ్వరం తెచ్చుకునేవాడు, మా ఇంట్లో ఆయన్ని ఇప్పటికీ రింకాల్స్ అంటాం, ఆయనకి అర్థం తెలీదు.

సావో టోమే అని ఆఫ్రికా పక్కన చిన్న దీవి, అక్కడ నల్ల తాచులున్నాయి. ఎలకల్ని తింటాయని పోర్చుగీసు వాళ్ళే ఓడల్లో తెచ్చి వదిలారని కథ. 2017లో చూస్తే ఎవరూ తేలేదు, ఆ దీవిదే, సొంత జాతి. ఆఫ్రికా అడవి తాచు అని ఒక్కటిగా అనుకున్నది ఇలా చీలి చీలి 2018కి ఐదైంది. నాజాలు ఇప్పుడు ముప్పై దాటాయి. ఇక గిరినాగు, నేను అద్దం ముందు నిలబడి చూసిన గిరినాగు, 2024లో అది కూడా నాలుగైంది. పడమటి కనుమల్లోది ఒకటి, దానికి కన్నడ జనం పిలిచే కాళింగ అనే పేరే పెట్టారు, అది నాకు చాలా నచ్చింది. ఉత్తరాన, తూర్పున ఉండేది ఒకటి, మలేసియా, ఇండోనేసియా వైపుది ఒకటి, ఫిలిప్పీన్స్ లూజోన్‌ది ఒకటి. గిండీలో నావైపు తల తిప్పింది వీటిలో ఏదో నాకు తెలియదు. అప్పుడు ఎవరికీ తెలియదులే.

తాతయ్య 1999లో పోయాడు, అప్పటికి ఆయన లెక్క మారలేదు. గోధుమది, నల్లది, తాచు కానిది గిరినాగు.

పోయిన నెల మా మేనల్లుడు ఫోటో పంపాడు, మసక మసకగా, గోడ పక్కన తోక ఒక్కటే కనిపిస్తోంది. "అత్తా, తాచా జెర్రిపోతా, అర్జెంట్" అని మెసేజ్. తోక చూసి ఏం చెప్తానురా అన్నాను. తల ఫోటో తియ్, జూమ్ చేసి తియ్, దగ్గరికి పోకు, పై పెదవి మీద మూడో పొలుసు పెద్దగా ఉండి అటు కంటికీ ఇటు ముక్కుకీ తగులుతుంటే తాచు, కింది పెదవి మీద నాలుగో పొలుసుకీ ఐదోదానికీ మధ్య చిన్న ముక్కోణం పొలుసు ఉంటే తాచు, ఇవేవీ కనపడకపోయినా పర్లేదు, ఎవరూ కర్ర తీయకండి, పాములు పట్టేవాళ్ళకి ఫోన్ చెయ్యండి అని గబగబా వాయిస్ మెసేజ్ పెట్టాను.

కాసేపటికి రిప్లై వచ్చింది. "పెదవి పొలుసులు లెక్కపెడుతున్నా అత్తా, నోరు తెరవమని నువ్వే చెప్పు దానికి."